స్టార్ కూర్చున్న మూడు నిమిషాలు

2019 మే 12, టొరంటో. సిరీస్‌లో ఏడో మ్యాచ్, ఓడినవాళ్లు ఇంటికే. సమయం అయిపోతుండగా కోర్టు మూల నుంచి కవాయ్ లెనర్డ్ వేసిన బంతి రింగు మీద నాలుగుసార్లు తుళ్లి, చివరికి లోపల పడింది. రాప్టర్స్ 92, ఫిలడెల్ఫియా సిక్సర్స్ 90. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చూసేవాళ్లలో ఆ షాట్ తెలియనివాళ్లు ఉండరు. ఓడిన జట్టు సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) జోయెల్ ఎంబీడ్ కన్నీళ్లతో లోపలికి నడిచి వెళ్లడం కూడా చాలామందికి గుర్తే.

ఆ మ్యాచ్ స్కోరు పట్టికలో ఎవరికీ గుర్తులేని అంకె ఒకటుంది. ఎంబీడ్ ఆ రోజు 45 నిమిషాల పైచిలుకు ఆడాడు. అతను కోర్టులో ఉన్నంతసేపటి లెక్క తీస్తే సిక్సర్స్ 10 పాయింట్లు ముందున్నారు. మ్యాచ్ మాత్రం 2 పాయింట్లతో పోయింది. అంటే అతను కాస్త ఊపిరి పీల్చుకోవడానికి బెంచ్ మీద కూర్చున్న మూడు నిమిషాల లోపు సమయంలో ఫిలడెల్ఫియా 12 పాయింట్లు పోగొట్టుకుంది. లెనర్డ్ షాట్ బయటికి తుళ్లి ఉంటే అదనపు సమయం వచ్చేది. ఆ మూడు నిమిషాలు కాస్త మర్యాదగా గడిచి ఉంటే ఆ షాట్‌కి అంత విలువే ఉండేది కాదు.

ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లలో, బెంచ్ (మొదటి ఐదుగురు కాక మిగతా ఆటగాళ్లు) బలం గురించి మాట్లాడేటప్పుడు టీవీలో ఎప్పుడూ ఒకే లెక్క చూపిస్తారు: ఈ జట్టు బెంచ్ ఇన్ని పాయింట్లు చేసింది, ఆ జట్టు బెంచ్ అన్ని చేసింది అని. అందులో అబద్ధమేమీ లేదు గానీ అసలు విషయం అది కాదని నా అభిప్రాయం. చూడాల్సింది స్టార్ ఆటగాడు కూర్చున్నప్పుడు ఏం జరిగిందన్నది. బెంచ్ విలువ చాలావరకు అక్కడే తేలుతుంది.

లెక్క మొదటి నుంచి చూద్దాం. మ్యాచ్‌కి 48 నిమిషాలు (నాలుగు క్వార్టర్లు), కోర్టులో ఐదుగురు, మొత్తం 240 ఆటగాడి-నిమిషాలు. క్రికెట్‌లోలాగా పదకొండు మందే ఆడాలనో, ఫుట్‌బాల్‌లోలాగా బయటికొచ్చినవాడు మళ్లీ లోపలికి వెళ్లకూడదనో ఇక్కడ నియమం లేదు. ఎవరైనా ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు, రావచ్చు. ఆరు ఫౌల్స్ చేసినవాడు మాత్రం ఆ రోజుకి ఆటకి దూరం. 82 మ్యాచ్‌ల రెగ్యులర్ సీజన్‌లో మొదటి ఐదుగురు తలా 32 నిమిషాలు ఆడారనుకుంటే 160 పోను బెంచ్‌కి 80 నిమిషాలు మిగులుతాయి. ప్లేఆఫ్స్‌లో ఆ ఐదుగురూ తలా 40 ఆడితే మిగిలేది 40 నిమిషాలే, అంటే సగం. తొమ్మిది, పదిమందితో సాగిన రొటేషన్ ఏడుకో ఎనిమిదికో కుదించుకుపోతుంది.

ఇలా కుదించడానికి కోచ్‌లకి మంచి కారణాలే ఉన్నాయి. రెగ్యులర్ సీజన్‌లో ఈ రాత్రి ఒక ఊళ్లో ఆడి, మర్నాడు ఇంకో ఊళ్లో దిగాల్సిన రోజులుంటాయి. ప్లేఆఫ్స్‌లో మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య కనీసం ఒక రోజు విరామం ఉంటుంది కాబట్టి స్టార్లని ఎక్కువసేపు ఆడించొచ్చు. పైగా ఒక్కో సిరీస్‌లో నాలుగు మ్యాచ్‌లు ముందు గెలిచినవాళ్లే పైకి వెళ్తారు. జనవరిలో పోయిన మ్యాచ్‌ని మార్చిలో రాబట్టుకోవచ్చు, మే నెలలో ఆ వీలు ఉండదు. అందుకని కోచ్ తనకి బాగా నమ్మకం ఉన్నవాళ్లనే దించుతాడు.

అన్నిటికంటే పెద్ద కారణం వేరే ఉంది. రెండు వారాల పాటు ఎదురుగా ఉండేది ఒకే జట్టు. వాళ్ల అసిస్టెంట్ కోచ్‌లు మీ ఎనిమిదో ఆటగాడి బలహీనతలన్నీ వీడియో పెట్టి చూసేస్తారు. రెగ్యులర్ సీజన్‌లో అంత తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి ఒక చెయ్యి బలహీనంగా ఉన్నవాడు కూడా నెట్టుకొచ్చేస్తాడు. ప్లేఆఫ్స్‌లో అతను కోర్టులో అడుగుపెట్టగానే అతను కాస్తున్న మనిషినే స్క్రీన్‌కి పిలుస్తారు. అంటే బంతి ఉన్నవాడిని కాపలా కాస్తున్న మంచి డిఫెండర్‌కి అడ్డం పడి, ఆ పని బలహీనుడి మీద పడేలా చేస్తారు. ఒకసారి కాదు, వరసగా ప్రతిసారీ. షూటింగ్ రానివాడైతే అసలు అతన్ని కాయడమే మానేసి, ఆ మనిషితో రింగు దగ్గర దారి మూసేస్తారు.

2020లో లాస్ ఏంజలస్ క్లిప్పర్స్‌కి ఏమైందో చూడండి. వాళ్ల బెంచ్ మీద లూ విలియమ్స్ ఉన్నాడు, బెంచ్ నుంచి వచ్చేవాళ్లలో మేటికి ఇచ్చే ఉత్తమ సిక్స్త్ మ్యాన్ అవార్డు మూడుసార్లు గెలిచినవాడు. పక్కనే మాంట్రెజ్ హారెల్, ఆ ఏడాది ఆ అవార్డు అతనిదే. కాగితం మీద అంతకు మించిన బెంచ్ లేదు. డెన్వర్ మీద సిరీస్‌లో 3-1 ఆధిక్యం కూడా వచ్చింది. తర్వాత వరసగా మూడు ఓడి ఇంటికి వెళ్లారు. డెన్వర్ సెంటర్ నికోలా యోకిచ్‌ని హారెల్ కాయలేకపోయాడు, బంతి నడిపే గార్డుల ముందు లూ నిలవలేకపోయాడు. హారెల్ విషయంలో ఒక మాట చెప్పాలి: అమ్మమ్మ చనిపోవడంతో కోవిడ్ వల్ల జట్లన్నిటినీ ఒకేచోట ఉంచి ఆడించిన ఆ బబుల్ నుంచి బయటికి వెళ్లి, చాలా రోజుల తర్వాత తిరిగొచ్చి ఆడాడు. అయినా పాఠం మారదు. ఆరు నెలల్లో బెంచ్‌కి పాయింట్లు తెచ్చిపెట్టిన గుణం, రెండు వారాల్లో జట్టుని ఇబ్బందిలో పడేసిన గుణం ఒకరిలోనే ఉండొచ్చు.

టొరంటో కథ దీనికంటే విచిత్రంగా ఉంటుంది. 2017-18 సీజన్‌లో రాప్టర్స్ బెంచ్‌కి బెంచ్ మాబ్ అని పేరు పెట్టారు. ఫ్రెడ్ వాన్‌వ్లీట్, పాస్కల్ సియాకమ్, యాకబ్ పోయెల్ట్‌ల్, డెలాన్ రైట్, సి.జె. మైల్స్. చాలా జట్ల మొదటి ఐదుగురి కంటే వీళ్లే నయం అనిపించేలా ఆడేవారు. ఆ జట్టు 59 మ్యాచ్‌లు గెలిచి లీగ్‌లోని ఈస్ట్ విభాగంలో అగ్రస్థానంలో నిలిచింది. రెండో రౌండ్‌లో లెబ్రాన్ జేమ్స్ ఉన్న క్లీవ్‌లాండ్ ఎదురై 4-0తో ఊడ్చేసింది. లెబ్రాన్ చేతిలో ఆ ఊరికి అంతకుముందూ ఇదే గతి పట్టడంతో జనం ఊరి పేరే మార్చి 'లెబ్రాంటో' అని వెక్కిరించారు. ఆ ఏడాది ఉత్తమ కోచ్ అవార్డు అందుకున్న డ్వేన్ కేసీకి అవార్డుకి ముందే ఉద్యోగం పోయింది.

పదో మనిషి వరకు బలం ఉంటే అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా బోలెడు మ్యాచ్‌లు గెలవొచ్చు. కానీ ఎదురు జట్టు స్టార్ 42 నిమిషాలు ఆడుతుంటే మీ తొమ్మిదో, పదో ఆటగాళ్ల ఆధిక్యం చూపించుకోవడానికి చోటే ఉండదు. మీ పదో మనిషి వాళ్ల పదో మనిషికంటే ఎంత మేలైనా ఏం లాభం, ఇద్దరూ కూర్చునే ఉంటారు.

టొరంటో యాజమాన్యం ఈ సంగతి గ్రహించి చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. బెంచ్‌లో కొందరిని మార్చుకుని పెద్ద ఆటగాళ్లని తెచ్చుకుంది. 2018 వేసవిలో డెమార్ డిరోజన్‌తో పాటు పోయెల్ట్‌ల్‌ని ఇచ్చి లెనర్డ్‌నీ, డానీ గ్రీన్‌నీ తెచ్చారు. 2019 ఫిబ్రవరిలో యోనాస్ వాలన్‌చ్యూనస్‌తో పాటు రైట్, మైల్స్‌లని పంపి మార్క్ గసోల్‌ని తెచ్చారు. సియాకమ్ బెంచ్ నుంచి మొదటి ఐదుగురిలోకి వచ్చాడు. చివరికి ప్లేఆఫ్స్‌లో బెంచ్ అంటే గట్టిగా ముగ్గురే మిగిలారు: వాన్‌వ్లీట్, సెర్జ్ ఇబాకా, నార్మన్ పవెల్. పేరున్న ఆ గుంపు పోయాక, ఈ ముగ్గురితో కప్పు కొట్టారు.

ఆ ముగ్గురూ చేసిన పని మామూలుది కాదు. మిల్వాకీతో సిరీస్‌లో మూడో మ్యాచ్ రెండు అదనపు సమయాల దాకా సాగి, లెనర్డ్ 52 నిమిషాలు ఆడాల్సి వచ్చింది. తర్వాతి మ్యాచ్‌లో అతను సరిగ్గా కదల్లేకపోయాడు. ఆ రోజు బెంచ్ ముగ్గురూ కలిసి 48 పాయింట్లు చేసి మ్యాచ్ గెలిపించారు. ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో వాన్‌వ్లీట్ 22 పాయింట్లు చేశాడు, అందులో 12 చివరి క్వార్టర్‌లోవే. ఇది కాక సిరీస్ పొడుగునా ఎదుటి జట్టు గోల్డెన్ స్టేట్ స్టార్ స్టీఫెన్ కర్రీని వెంటాడి కాసింది కూడా అతనే. ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) ఓటింగ్‌లో 11 ఓట్లలో ఒకటి అతనికి పడింది, మిగతా పదీ లెనర్డ్‌కి.

కాబట్టి ప్లేఆఫ్స్‌లో లోతు అంటే ఎంతమంది ఉన్నారని కాదు. ఆరు, ఏడు, ఎనిమిదో స్థానాల్లో ఉన్నవాళ్లలో ఎదుటివాళ్లు పట్టుకోవడానికి ఏదైనా కన్నం ఉందా అన్నది. 20 పాయింట్లు చేయగలిగి డిఫెన్స్‌లో దొరికిపోయేవాడికంటే, 8 పాయింట్లు చేసి ఎవరికీ దొరకనివాడు ఇక్కడ ఎక్కువ పనికొస్తాడు.

లెక్కల గురించి ఒక హెచ్చరిక. ఒక ఆటగాడు కోర్టులో ఉన్నప్పుడు జట్టు ఎన్ని పాయింట్లు ముందుందో, వెనకుందో చెప్పే ఈ ప్లస్-మైనస్‌ని ఒక్క మ్యాచ్‌కి నమ్మకూడదు. మూడు నిమిషాల్లో ఎదుటివాళ్ల త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వరసగా నాలుగు పడితే అది బెంచ్ తప్పే కానక్కర్లేదు, కొంత అదృష్టం. అయితే ఎంబీడ్ విషయంలో ఆ సిరీస్ అంతా అదే వరస నడిచింది కాబట్టి ఆ రోజుని వట్టి దురదృష్టం అనలేం. అతను పక్కకి వెళ్తే దింపడానికి ఫిలడెల్ఫియా దగ్గర ఆ స్థాయి సెంటర్ లేడు. సిరీస్ మధ్యలో అతను జబ్బుపడ్డాడు కూడా.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ 2023 ఫైనల్స్ నాలుగో మ్యాచ్. మయామిలో చివరి క్వార్టర్ మొదలైన కాసేపటికే యోకిచ్‌కి ఐదో ఫౌల్ పడింది. ఇంకొకటి పడితే ఆట అయిపోయినట్టే. కోచ్ మైకేల్ మలోన్ అతన్ని కూర్చోబెట్టాడు. ఆ ఏడాదంతా డెన్వర్‌కి యోకిచ్ లేని నిమిషాలంటే టెన్షనే. ఆ రాత్రి మాత్రం అతను మళ్లీ లేచేసరికి ఆధిక్యం దాదాపు ఎక్కడున్నది అక్కడే ఉంది. బెంచ్ నుంచి వచ్చిన బ్రూస్ బ్రౌన్ 21 పాయింట్లు చేశాడు, 11 చివరి క్వార్టర్‌లో. అంతకుముందు మ్యాచ్‌లో కొత్తవాడు క్రిస్టియన్ బ్రాన్ 15 చేశాడు. డెన్వర్ 4-1తో మొదటిసారి చాంపియన్ అయింది. మలోన్ వాడింది ఎనిమిది మందినే. ఆ ఎనిమిదిలో ఎవరూ దొరికిపోలేదు, అంతే.

కార్లైల్ రెండుసార్లు

బెంచ్‌ని ఆయుధంగా వాడిన కోచ్ ఎవరంటే నేను రిక్ కార్లైల్ పేరు చెబుతాను. 2011లో డాలస్, 2025లో ఇండియానా. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్లలో ఆ మొదటి కథ ఇప్పటికీ చెప్పుకునేవాళ్లుంటారు.

2011లో రెండో రౌండ్‌లో అంతకుముందు రెండేళ్లూ చాంపియన్‌గా ఉన్న లేకర్స్‌ని డాలస్ 4-0తో ఓడించింది. నాలుగో మ్యాచ్‌లో డాలస్ బెంచ్ ఒక్కటే 86 పాయింట్లు చేసింది. లేకర్స్ జట్టు మొత్తం చేసింది కూడా 86. జేసన్ టెరీ తొమ్మిది త్రీలు వేశాడు, పేజా స్టోయాకోవిచ్ ఆరుకి ఆరు వేశాడు. ఫైనల్స్‌లో మయామి ఎదురయ్యేసరికి కార్లైల్ అదే స్టోయాకోవిచ్‌ని క్రమంగా రొటేషన్ నుంచి తప్పించి, బ్రయన్ కార్డినల్ అనే మోటు పనిమంతుడిని దించాడు. అప్పట్లో మయామికి ఆడుతున్న లెబ్రాన్, వేడ్‌ల వేగం ముందు స్టోయాకోవిచ్ కాళ్లు చాలవని అతనికి తెలుసు. 2-1తో వెనకబడ్డాక ఇంకో మార్పు చేశాడు. బెంచ్ మీది చిన్న గార్డ్ జె.జె. బరేయాని మొదటి ఐదుగురిలోకి తెచ్చి, డిషాన్ స్టీవెన్సన్‌ని బెంచ్‌కి పంపాడు. డాలస్ వరసగా మూడు గెలిచింది. ఆరో మ్యాచ్ మొదటి సగంలో డాలస్ స్టార్ డర్క్ నవిట్స్కీ 12 షాట్లు వేస్తే ఒక్కటే పడింది. మామూలుగా స్టార్‌కి అలాంటి రోజు వస్తే మ్యాచ్ పోయినట్టే. టెరీ 27 పాయింట్లు చేసి నిలబెట్టాడు, రెండో సగంలో డర్క్ తేరుకున్నాడు.

ఇక్కడ బెంచ్ కోచ్ చేతికి ఇచ్చింది మార్చుకునే వీలు. ఎదుటి జట్టుని బట్టి వేరే ఐదుగురిని నిలబెట్టగలగడం. 2015లో గోల్డెన్ స్టేట్ కూడా 2-1తో వెనకబడ్డాక ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడని ఆండ్రే ఇగోడాలాని సెంటర్ బోగట్ స్థానంలో దించింది. ఆ సలహా ఇచ్చింది నిక్ యూరెన్ అనే సహాయక సిబ్బంది కుర్రాడు. తర్వాత వరసగా మూడూ గెలిచారు, ఫైనల్స్ ఎంవీపీ ఇగోడాలాకే వచ్చింది. అవతల క్లీవ్‌లాండ్‌కి గాయాలతో కెవిన్ లవ్, కైరీ ఇర్వింగ్ ఇద్దరూ లేరు. ఇర్వింగ్ స్థానంలో వచ్చిన మాథ్యూ డెలవెడోవా మూడో మ్యాచ్‌లో 20 పాయింట్లు చేసి గెలిపించి, ఒంట్లో నీరు తగ్గి కండరాలు పట్టేయడంతో అదే రాత్రి ఆసుపత్రి పాలయ్యాడు. మార్చడానికి మనుషులు ఉన్న జట్టుకీ, లేని జట్టుకీ తేడా ఆ వారంలో అలా కనిపించింది.

2025లో కార్లైల్ ఇండియానాతో చేసింది ఇంకో రకం. పేసర్స్ పదిమందిని ఆడించేవారు, అదీ ఫైనల్స్‌లో. ఎదుటి గార్డ్ బంతి అందుకున్న చోటి నుంచే, అంటే కోర్టు ఆ చివర నుంచే ఒత్తిడి పెట్టేవారు. బంతి దొరికితే పరుగే. ఇలా ఆడితే ఎవరికైనా అలసట వస్తుంది, కాకపోతే తమవాళ్లని నాలుగైదు నిమిషాలకోసారి మార్చుకోగలరు కాబట్టి ఎదుటివాళ్లు ముందు అలుస్తారు. లోతుతో ఎదుటివాళ్లనే అరగదీయడమన్నమాట. ఓక్లహోమా సిటీతో మూడో మ్యాచ్‌లో ఇది స్పష్టంగా కనిపించింది. బెంచ్ పాయింట్లు 49-18. బెనెడిక్ట్ మాతురిన్ 22 నిమిషాల్లో 27 పాయింట్లు. 6 అడుగుల 1 అంగుళం టి.జె. మెక్‌కానెల్ 15 నిమిషాల్లో 10 పాయింట్లు, 5 అసిస్టులు, 5 స్టీల్స్. ఆ స్టీల్స్‌లో కొన్ని మరీ అల్లరి పనులు: బాస్కెట్ పడ్డాక ఎదుటివాడు గీత బయటి నుంచి బంతి లోపలికి వేయడమే ఆలస్యం, మధ్యలో దూరి లాక్కోవడం. ఈ మెక్‌కానెల్‌ని ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) తీసుకోలేదు. 2019లో ఎంబీడ్ ఓడిన ఆ ఫిలడెల్ఫియా జట్టు బెంచ్ మీద ఉన్నది కూడా ఇతనే. ఆ వేసవిలోనే ఇండియానా తీసుకుంది.

మరి కప్పు ఎవరికి పోయింది? ఓక్లహోమాకి. నాలుగో మ్యాచ్‌లో ఓడితే 3-1 అయ్యే స్థితిలో ఆ జట్టు స్టార్ షే గిల్జియస్-అలెగ్జాండర్ చివరి నాలుగున్నర నిమిషాల్లో 15 పాయింట్లు చేసి ఒంటిచేత్తో మ్యాచ్ లాగేశాడు. లోతు ఎంత అరగదీసినా స్టార్ అంటే స్టారే. అయితే ఓక్లహోమాని ఒంటరి స్టార్ జట్టు అనుకోవడం కూడా తప్పే. రెండో మ్యాచ్‌లో ఒకసారి, నాలుగో మ్యాచ్‌లో ఇంకోసారి 20 చొప్పున చేసింది బెంచ్ నుంచి వచ్చిన అలెక్స్ కరూసో. డ్రాఫ్ట్‌లో 55వ స్థానంలో దొరికిన ఆరన్ విగిన్స్ రెండో మ్యాచ్‌లో 18 చేశాడు. పెద్ద సెంటర్ హార్టెన్‌స్టైన్‌ని ఒకసారి బెంచ్‌కి, ఒకసారి మొదటి ఐదుకి మార్చుతూ కోచ్ మార్క్ డేగ్‌నాల్ట్ రెండు రకాల జట్లు ఆడించాడు. లోతుకీ లోతుకీ మధ్య జరిగిన ఫైనల్ అది, ఒకవైపు పెద్ద స్టార్ అదనం.

ఏడో మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే ఇండియానా స్టార్ టైరీస్ హాలిబర్టన్‌కి మడమ వెనకుండే ఎకిలీస్ స్నాయువు తెగింది. ఆ తర్వాత కూడా సగం ఆట ముగిసేసరికి పేసర్స్ ఒక్క పాయింట్ ముందున్నారు. మాతురిన్ 24, మెక్‌కానెల్ 16 చేశారు. మూడో క్వార్టర్‌లో ఓక్లహోమా 34-20తో దూసుకెళ్లింది. స్టార్ పోతే బెంచ్ రెండు క్వార్టర్లు గుట్టు కాపాడగలదు, నాలుగూ కాపాడటం కష్టం.

అలసట సంగతి

2025 ఏప్రిల్ 27న మినియాపొలిస్‌లో లేకర్స్ కోచ్ జె.జె. రెడిక్ ఒక పని చేశాడు. సిరీస్ నాలుగో మ్యాచ్, రెండో సగం 24 నిమిషాలూ ఒకే ఐదుగురిని ఆడించాడు. ఒక్క మార్పు కూడా లేదు. లెబ్రాన్‌కి అప్పటికి 40 ఏళ్లు. మూడు క్వార్టర్లయ్యేసరికి లేకర్స్ 94-84తో ముందున్నారు. చివరి క్వార్టర్‌లో మినెసోటా 32, లేకర్స్ 19. మ్యాచ్ 116-113తో పోయింది, ఆ తర్వాతి మ్యాచ్‌తో సిరీస్ కూడా. రెడిక్‌ని తిట్టడం తేలికే. కానీ బెంచ్ మీదున్న వాళ్ల మీద అతనికి నమ్మకం లేదు, దించితే మినెసోటా ఎవరిని టార్గెట్ చేస్తుందో అతనికి తెలుసు. ఆ మ్యాచ్ రాత్రి నిర్ణయంకంటే జట్టుని కూర్చిన తీరులోనే తప్పు ఎక్కువ ఉందంటాను.

న్యూయార్క్ నిక్స్ కోచ్ టామ్ థిబోడో మీద ఈ విమర్శ దశాబ్దం పైగా ఉంది. 2024-25లో లీగ్‌లో సగటున అందరికంటే ఎక్కువ నిమిషాలు ఆడింది అతని జట్టులోని జాష్ హార్ట్. మొదటి ఐదుగురి నిమిషాలు తగ్గించాలని ఆటగాడు మికాల్ బ్రిడ్జెస్ మార్చిలో బహిరంగంగానే అన్నాడు. ఈస్ట్ ఫైనల్‌లో ఇండియానా చేతిలో సొంతగడ్డ మీద రెండు ఓడాక థిబోడో దారి మార్చాడు. హార్ట్‌ని బెంచ్ మీద పెట్టాడు, అంతవరకు మూలన కూర్చున్న లాండ్రీ షామెట్‌నీ, పాత టొరంటో బెంచ్ మాబ్ డెలాన్ రైట్‌నీ లోపలికి తెచ్చాడు. ఆ మ్యాచ్ 20 పాయింట్ల వెనక నుంచి గెలిచారు. కానీ ఏడాదంతా అలవాటు చేయని మనుషులని మే చివర్లో తెచ్చి పెడితే ఎంతని నెట్టుకొస్తారు? 4-2తో ఓడారు. పాతికేళ్లలో మొదటిసారి అంతదూరం తీసుకెళ్లిన కోచ్‌ని జూన్ 3న తీసేశారు. ఇది న్యాయమేనా అంటే నాకు అనుమానమే. కానీ బెంచ్‌ని నవంబర్ నుంచి పెంచాలి అన్న మాటకి ఇంతకంటే సాక్ష్యం ఉండదు.

ఆ పెంపకంలో గ్రెగ్ పాపొవిచ్‌ని మించినవాడు లేడు. 2013-14లో శాన్ ఆంటోనియో స్పర్స్ 62 మ్యాచ్‌లు గెలిచింది, జట్టులో ఒక్కడు కూడా సగటున 30 నిమిషాలు ఆడలేదు. అంతకుముందు 2012లో డంకన్, పార్కర్, జినోబిలీ, గ్రీన్‌లని మయామితో మ్యాచ్ ఆడించకుండా ఇంటికి పంపినందుకు లీగ్ ఆ జట్టుకి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. 2014 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో స్టేడియంలో ఏసీ చెడిపోయింది. మన మే నెల ఉక్క అలవాటున్నవాళ్లకి అదేం వేడి అనిపించొచ్చు గానీ, ఆ ఉక్కలో పరిగెత్తాలి కదా. లెబ్రాన్‌కి కండరాలు పట్టేసి చివర్లో ఆడలేకపోయాడు. స్పర్స్ 110-95తో గెలిచింది. చివరి మూడు మ్యాచ్‌లూ 19, 21, 17 పాయింట్ల తేడాతో గెలిచి 4-1తో ముగించారు. మయామికి ముగ్గురు సూపర్‌స్టార్లు, స్పర్స్‌కి బెంచ్ నుంచి జినోబిలీ, పాటీ మిల్స్, మధ్యలో మొదటి ఐదులోకి మారిన బొరిస్ డియావ్.

ఎక్కువ ఆడించడం వల్లే గాయాలవుతాయా అంటే అంత తేలిగ్గా తేల్చలేం. 2025 ప్లేఆఫ్స్‌లో లిలార్డ్, టేటమ్, హాలిబర్టన్ ముగ్గురికీ ఎకిలీస్ తెగింది. ముగ్గురి జెర్సీ నంబరూ 0 అని జనం మూఢనమ్మకాలు అల్లారు. నిమిషాల మీద నింద వేయడం ఆ నంబరు మీద వేయడమంత తెలివితక్కువ కాదు గానీ, ఒక్కో గాయానికి ఒక్కో కథ ఉంటుంది. బెంచ్ ఉన్న జట్టుకి గాయాలు రావని కాదు, వచ్చినా ఆ రాత్రే కుప్పకూలకుండా ఉంటుందని.

డబ్బు

ఇంత విలువైనదైతే అందరూ మంచి బెంచ్ ఎందుకు పెట్టుకోరు? ఎందుకంటే కొత్త నియమాలు దాన్నే ముందు కోస్తాయి. 2023లో ఆటగాళ్ల సంఘం, లీగ్ కలిసి కుదుర్చుకున్న ఒప్పందంలో రెండో ఏప్రన్ అనే గీత ఒకటి వచ్చింది. 2025-26కి అది దాదాపు 20.8 కోట్ల డాలర్లు. మొత్తం జీతాలు ఆ గీత దాటితే పన్ను కట్టడంతో అయిపోదు. ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని తెచ్చుకునే వీలు పోతుంది. మధ్య స్థాయి జీతమిచ్చి బయటి ఆటగాడిని తీసుకునే మినహాయింపు పోతుంది. ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌ని (కొత్త ఆటగాడిని ఎంచుకునే హక్కుని) వేరే జట్టుకి ట్రేడ్ చేయకుండా ఆపేస్తారు. స్టార్ల జీతాలు ముట్టుకోలేరు కాబట్టి కత్తి పడేది ఆరో మనిషి నుంచి ఎనిమిదో మనిషి వరకే.

డురాంట్, బుకర్, బీల్ అని ముగ్గురి మీద డబ్బంతా పోసిన ఫీనిక్స్, మిగతా చోట్ల కనీస జీతానికి వచ్చినవాళ్లతో నింపింది. 2024లో మొదటి రౌండ్‌లోనే 4-0తో ఓడింది, 2025లో 36 మ్యాచ్‌లే గెలిచి ప్లేఆఫ్స్‌కే రాలేదు. 2024 చాంపియన్ బోస్టన్ ఏడాది తిరగ్గానే జ్రూ హాలిడేనీ, పోర్జింగిస్‌నీ వదులుకోవాల్సి వచ్చింది. 2019 నుంచి 2025 వరకు ఏడేళ్లలో ఏడు వేర్వేరు జట్లు చాంపియన్లయ్యాయి, ఒక్కరు కూడా కప్పు నిలబెట్టుకోలేదు. దానికి కారణాలు అనేకం ఉన్నాయి, గెలిచిన మర్నాడే బెంచ్ చెల్లాచెదురు కావడం అందులో ఒకటి. ఓక్లహోమాకి ఇన్నాళ్లూ ఆ బెడద లేకపోవడానికి కారణం, దాని బెంచ్‌లో చాలామంది డ్రాఫ్ట్‌లో తక్కువ జీతానికి వచ్చినవాళ్లో, వేరే జట్టు వదిలేస్తే తెచ్చుకున్నవాళ్లో కావడమే.

డెన్వర్‌కి ఏమైందో దీన్నిబట్టి అర్థమవుతుంది. 2023 ఫైనల్స్ అయిపోగానే బ్రూస్ బ్రౌన్ కాంట్రాక్ట్ తీరింది. నియమాల ప్రకారం డెన్వర్ అతనికి ఇవ్వగలిగింది ఏడాదికి సుమారు 78 లక్షల డాలర్లు. ఇండియానా రెండేళ్లకి 4.5 కోట్లు ఇస్తానంది. వెళ్లాడు. తర్వాతి ఏడాది మినెసోటాతో ఏడో మ్యాచ్‌లో సొంతగడ్డ మీద డెన్వర్ 20 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని 98-90తో ఓడింది. యోకిచ్ 34, జమాల్ మరే 35 చేశారు. మిగతా జట్టంతా కలిసి 21. అవతలి బెంచ్‌లో ఆ ఏడాది ఉత్తమ సిక్స్త్ మ్యాన్ నాజ్ రీడ్ ఉన్నాడు.

ఇండియానా కూడా బ్రౌన్‌ని ఎంతోకాలం ఉంచుకోలేదు. అతని పెద్ద జీతాన్ని లెక్క సరిపెట్టడానికి వాడి, 2024 జనవరిలో డ్రాఫ్ట్ పిక్‌లతో కలిపి టొరంటోకి పంపింది. బదులుగా వచ్చినవాడు పాస్కల్ సియాకమ్, ఒకప్పటి ఆ బెంచ్ మాబ్ కుర్రాడు. 2025 ఈస్ట్ ఫైనల్‌లో నిక్స్‌ని ఓడించిన సిరీస్‌కి ఎంవీపీ అతనే. టొరంటో బ్రౌన్‌ని న్యూ ఆర్లియన్స్‌కి ఇచ్చేసింది. 2025 వేసవిలో మళ్లీ కాంట్రాక్ట్ తీరినప్పుడు అతను డెన్వర్‌కే తిరిగొచ్చాడు, ఈసారి లీగ్‌లో ఇచ్చే కనీస జీతానికి. అదే వేసవిలో డెన్వర్ బెంచ్ కోసం ఇంకో సెంటర్‌ని కూడా తెచ్చుకుంది, యోకిచ్ కూర్చున్నప్పుడు ఆడించడానికి: యోనాస్ వాలన్‌చ్యూనస్‌ని.